పాటల పుస్తకం ఒకటే, తాళంచెవులు వేరు

తెలుగునాట పాత ప్రొటెస్టెంటు కుటుంబాల్లో ఎవరిది ఏ శాఖ అన్నది సిద్ధాంతాన్ని బట్టి తేలలేదు. ముత్తాత ఏ తాలూకాలో ఉండేవాడన్నదాన్ని బట్టి తేలింది. గుంటూరు, పలనాడు వైపైతే లూథరన్. కృష్ణ దాటి బందరు, బెజవాడ వైపైతే ఆంగ్లికన్. ఒంగోలు, నెల్లూరు అయితే అమెరికన్ బాప్టిస్టు, కాకినాడ నుంచి శ్రీకాకుళం దాకా అయితే కెనడియన్ బాప్టిస్టు. కడప, జమ్మలమడుగుల్లో లండన్ మిషను, మెదక్‌లో వెస్లియన్ మెథడిస్టులు, పాలమూరులో మెన్నొనైట్ బ్రదరెన్, నరసాపురం చుట్టూ బ్రదరెన్ సహవాసాలు. ఒకరి ఇలాకాలోకి ఒకరు రాకూడదని మిషనులు ఒప్పందాలు చేసుకుని ప్రాంతాలు పంచుకున్నాయి. ఆ పంపకంలో ఇక్కడివాళ్ళను అడిగినవారు లేరు. లూథర్‌కూ కాల్విన్‌కూ ఎక్కడ తేడా వచ్చిందో తెలియకుండానే సత్తెనపల్లి వైపు పల్లెలు లూథరన్ అయ్యాయి. అటు ఒంగోలు వైపు పల్లెలు, పసిపిల్లలకు బాప్తిస్మం ఇవ్వవచ్చునా లేదా అన్న వాదం వినకముందే, బాప్టిస్టు అయ్యాయి.

ఆ తేడాలు పుట్టినచోట మాత్రం అవి ప్రాణసంకటాలే. క్రీస్తులో దైవత్వం, మానుషత్వం ఎలా కలిసి ఉన్నాయో 451లో కల్సిదోను సభ నిర్వచిస్తే ఈజిప్టు, సిరియా సంఘాల్లో అధికభాగం ఒప్పుకోలేదు. ఆ చీలిక ఇంకా ఉంది. 1054లో రోమూ కాన్‌స్టాంటినోపులూ ఒకరినొకరు వెలివేసుకున్నారు; ఆ వెలిని ఎత్తివేసుకోవడానికి 1965 డిసెంబరు దాకా ఆగాల్సివచ్చింది. 1529లో జర్మనీలోని మార్‌బర్గ్ కోటలో లూథర్, జ్వింగ్లీ సంధికి కూర్చున్నారు. పదిహేను అంశాల్లో పద్నాలుగింటి మీద ఏకాభిప్రాయం కుదిరింది. ప్రభు భోజనపు రొట్టెలో క్రీస్తు శరీరం నిజంగా ఉందా అన్న పదిహేనోదాని దగ్గర తెగింది. చర్చ మొదలుకాకముందే లూథర్ క్రీస్తు మాటల్ని సుద్దముక్కతో బల్ల మీద రాసుకుని, పైన గుడ్డ కప్పి కూర్చున్నాడు. అలా ముందే నిశ్చయించుకుని కూర్చున్న మనిషిని ఒప్పించడం ఎవరి తరం?

ఇలా దిగుమతి అయిన తగాదాలను తీర్చడానికి వందేళ్ళుగా మన దేశంలో గట్టి ప్రయత్నాలే జరిగాయి. వాటిలో కొన్ని ప్రపంచంలో మరెక్కడా జరగనంత బాగా ఫలించాయి. అయితే ఈ వందేళ్ళ లెక్క మొత్తం తిరగేస్తే నాకు తేలింది ఒకటుంది. తెలుగు క్రైస్తవుల్ని ఇవాళ విడదీస్తున్నవి వేదాంతులు కూర్చుని తీర్చగలిగిన తేడాలు కావు. పెళ్ళి సంబంధం, ఆస్తి పత్రం, పీఠం, కులం: ఈ నాలుగింటి జోలికి ఏ ఐక్యతా సంఘమూ మనస్ఫూర్తిగా పోలేదు.

మంచి కథతోనే మొదలుపెడదాం. వేదనాయగం శామ్యూల్ అజరయ్య తిరునెల్వేలి జిల్లా వెల్లాలన్‌విలైలో 1874లో పుట్టిన తమిళుడు. పనిచేసింది మాత్రం నిజాం రాజ్యంలోని డోర్నకల్లులో, తెలుగువాళ్ళ మధ్య. 1910లో ఎడిన్‌బరోలో జరిగిన ప్రపంచ మిషనరీ మహాసభలో తెల్లదొరల ముఖం మీదే మాట్లాడాడు: మీరు మాకోసం ఎన్నో త్యాగాలు చేశారు, కానీ మాకు కావలసింది స్నేహం అని. సభలో చాలామందికి ఆ మాట గుచ్చుకుంది. రెండేళ్ళు తిరిగేసరికి, 1912 డిసెంబరు 29న, కలకత్తాలో ఆయనకు బిషప్పుగా అభిషేకం జరిగింది. ఆంగ్లికన్ సంఘంలో తొలి భారతీయ బిషప్పు ఆయనే. డోర్నకల్లులో ఆయన కట్టించిన దేవాలయం చూసినవారికి ఆయన మనసు తెలుస్తుంది. ఆ స్తంభాలూ గుమ్మటాలూ చూస్తే ఇది హిందూ ఆలయ శిల్పమా, ముస్లిం కట్టడమా, క్రైస్తవ మందిరమా అని ఒక్క క్షణం తడబడతాం.

1919 మే 1, 2 తేదీల్లో తరంగంబాడిలో 33 మంది సంఘ సేవకులు కలిశారు. ఇద్దరు తప్ప అందరూ భారతీయులే. 1706లో తొలి ప్రొటెస్టెంటు మిషనరీ జీగెన్‌బాల్గ్ ఓడ దిగిన ఊరు అది. వారు చెప్పింది సూటిగా ఉంది. ఈ చీలికలను మేం పుట్టించలేదు, బయటివాళ్ళు తెచ్చి మా మీద వేశారు. ఇన్ని ముక్కలుగా ఉండి ఈ దేశానికి ఒకే సువార్త చెప్పబోవడం మాకు తలవంపులు. పరిష్కారానికి నాలుగు పునాదులు పెట్టారు: బైబిలు, రెండు ప్రాచీన విశ్వాస ప్రమాణాలు, బాప్తిస్మం, ప్రభు భోజనం అనే రెండు సంస్కారాలు, పరంపరగా వస్తున్న బిషప్పు పదవి. మొదటి మూడూ తేలిగ్గా గడిచాయి. నాలుగోది ఇరవై ఎనిమిదేళ్ళు తీసుకుంది.

ఎందుకంత కాలం? ఆంగ్లికన్ల లెక్కలో బిషప్పు చేతులు తలమీద పెట్టనిదే గురువు గురువు కాడు. అప్పటికే, 1908లోనే, ప్రెస్‌బిటేరియన్లూ కాంగ్రిగేషనలిస్టులూ కలిసి దక్షిణ భారత ఐక్య సంఘంగా ఏర్పడ్డారు. వాళ్ళకు బిషప్పులే లేరు. మెథడిస్టులదీ దాదాపు అదే దారి. మీ గురువులకు మళ్ళీ అభిషేకం చేస్తాం అంటే, ఇన్నాళ్ళూ మేం ఇచ్చిన సంస్కారాలు ఉత్తుత్తివా అని వాళ్ళు అడుగుతారు. చేయం అంటే ఆంగ్లికన్లకు మనసొప్పదు. చివరికి కుదిరిన ఏర్పాటు చూడండి. ఇకమీదట అభిషేకాలన్నీ బిషప్పులే చేస్తారు. ఇప్పటికే ఉన్న గురువులను ఉన్నట్టే అందరూ అంగీకరిస్తారు. ఏ సంఘం మీదా దాని మనస్సాక్షికి పడని గురువును రుద్దరు. ముప్ఫై ఏళ్ళు గడిచాక మిగిలిన తేడాలు చూసుకుంటారు. పాత తరం సహజంగా విశ్రమించేదాకా ఓపిక పట్టడం అన్నమాట. సంఘ చరిత్రలో ఇంత తెలివైన, ఇంత మర్యాదైన రాజీ మరొకటి నాకు కనిపించలేదు.

1947 సెప్టెంబరు 27న, స్వాతంత్ర్యం వచ్చి ఆరు వారాలు దాటిన తర్వాత, మద్రాసులోని సెయింట్ జార్జి కథీడ్రల్‌లో దక్షిణ ఇండియా సంఘం, మనం సి.ఎస్.ఐ. అని పిలిచేది, పుట్టింది. సభ్యులు సుమారు పది లక్షలు. బిషప్పులున్న సంఘమూ బిషప్పులు లేని సంఘాలూ కలిసి ఒక్కటైన సంఘటన సంస్కరణోద్యమం తర్వాత అదే మొదటిది. అజరయ్య అది చూడలేదు. 1945 జనవరి 1న డోర్నకల్లులోనే కన్నుమూశాడు. ఇంగ్లండులో మాత్రం గగ్గోలు పుట్టింది. కవి టి.ఎస్. ఎలియట్ అంతటివాడు ఈ ప్రతిపాదనకు వ్యతిరేకంగా 1943లో ఒక చిన్న పుస్తకమే రాశాడు. మాతృసంఘం ఈ కొత్త సంఘాన్ని తనకు సమానంగా పూర్తిగా ఒప్పుకోవడానికి దశాబ్దాలు పట్టింది. మెదక్‌లో దుక్కి దున్నే విశ్వాసి ఎవరి చేతి రొట్టె తీసుకోవాలన్నది లండన్‌లో కూర్చున్న కవికి ఎందుకంత పట్టిందో నాకు ఇప్పటికీ వింతే.

బయట మిగిలినవాళ్ళలో నంద్యాల కథ చెప్పుకోదగ్గది. ఎస్.పి.జి. అనే ఆంగ్లికన్ మిషను చేతికింద ఎదిగిన నంద్యాల ప్రాంతపు ఆంగ్లికన్లలో పెద్దభాగం 1947లో చేరమంది. బిషప్పు చేతుల స్పర్శ లేని గురువులతో కలిస్తే అపొస్తలుల పరంపర తెగిపోతుందని వాళ్ళ వాదం. పక్క ఊళ్ళవాళ్ళు సి.ఎస్.ఐ. అయ్యారు, వీళ్ళు ఇరవై ఎనిమిదేళ్ళు విడిగా ఉండి, 1975లో వచ్చి చేరారు. అక్కడితో అయిపోలేదు. సంప్రదాయం చెడుతుందని బయట నిలబడిన ఆ నంద్యాలకే 2013లో ఎగ్గోని పుష్పలలిత బిషప్పుగా వచ్చారు. సి.ఎస్.ఐ. చరిత్రలో తొలి మహిళా బిషప్పు ఆమె. అపొస్తలుల పరంపర గురించి భయపడినవారి మనవలు ఒక స్త్రీ ముందు తలవంచి ఆశీర్వాదం తీసుకున్నారు. సిద్ధాంతపు గోడలు ఎంత ఎత్తుగా కనిపించినా రెండు తరాల్లో కరిగిపోగలవని నంద్యాల చెబుతోంది.

లూథరన్ల కథ దీనికి తలకిందులు. 1842లో లూథరన్ మిషనరీ ఫాదర్ హయ్యర్ గుంటూరు వచ్చిననాటి నుంచి పెరిగిన సంఘం 1927లో ఆంధ్ర ఇవాంజెలికల్ లూథరన్ చర్చిగా, ఏ.ఇ.ఎల్.సి.గా, స్వతంత్ర రూపం తీసుకుంది. 1948 నుంచి పదేళ్ళకు పైగా సి.ఎస్.ఐ. వేదాంతులూ లూథరన్ వేదాంతులూ కూర్చుని ధర్మశాస్త్రం, సువార్త, ప్రభు భోజనం, సంఘ సేవ వంటి విషయాలన్నీ చర్చించారు. మార్‌బర్గ్‌లో తెగిన చోట ఇక్కడ తెగలేదు. ఉమ్మడి ప్రకటనలు తయారయ్యాయి. కలవకుండా ఆపేంత తేడా సిద్ధాంతంలో లేదని రెండు పక్షాలూ తేల్చాయి. అయినా కలవలేదు. పైగా 1999 అక్టోబరు 31న ఆగ్స్‌బర్గ్‌లో లూథరన్లూ కాథలిక్కులూ, నాలుగు వందల యాభై ఏళ్ళ పైబడిన తగాదాకు మూలమైన అంశం మీదే, ఉమ్మడి ప్రకటన చేశారు. రోమ్‌తో మాట కుదిరింది. బెజవాడకూ గుంటూరుకూ మధ్య ముప్ఫై కిలోమీటర్ల దారిలో కుదరలేదు. ఎవరి విదేశీ సంబంధాలు వారివి, ఎవరి ఆసుపత్రులు, కాలేజీలు, స్థలాలు వారివి, ఎవరి ఎన్నికలు వారివి. దీన్ని వేదాంతం అనే పేరుతో పిలవడం నాకు ఇష్టం లేదు.

కులం ఎలా వచ్చి కూర్చుంది

ఒంగోలులో అమెరికన్ బాప్టిస్టు మిషనరీ జాన్ క్లవ్ దంపతుల అనుభవం ఈ మొత్తం చరిత్రకు తాళపుచెవి. 1866లో వాళ్ళు ఒంగోలు చేరారు. కొందరు బ్రాహ్మణులు, ఇతర పైకులాలవారు బడి పెట్టమనీ, తమ పిల్లల్ని పంపిస్తామనీ ఉత్సాహంగా ముందుకొచ్చారు. ఇంతలో తాళ్ళకొండపాడు నుంచి యెర్రగుంట్ల పేరయ్య అనే మాదిగ భక్తుడు తనవాళ్ళను వెంటబెట్టుకుని వచ్చాడు. మాదిగల్ని చేర్చుకుంటే మేం రామని పెద్దలు తెగేసి చెప్పారు. ఆ రాత్రి క్లవ్ ఒక గదిలో, ఆయన భార్య మరో గదిలో, ఒకరికి తెలియకుండా ఒకరు బైబిలు తెరిస్తే ఇద్దరికీ దొరికింది కొరింథీయులకు రాసిన మొదటి పత్రికలో ఒకటో అధ్యాయమే: దేవుడు లోకంలో ఘనుల్ని కాక నీచులనిపించుకున్నవారిని ఏర్పరచుకున్నాడనే భాగం. మాదిగలే వచ్చారు. 1876 నుంచి 78 దాకా పట్టిన కరువులో క్లవ్ బకింగ్‌హామ్ కాలువ పనిలో కొంత భాగం కాంట్రాక్టు తీసుకుని వాళ్ళకు కూలి చూపించాడు. 1878 జూలై 3న గుండ్లకమ్మ ఒడ్డున వెల్లంపల్లి దగ్గర ఒక్క రోజులో 2,222 మంది బాప్తిస్మం పొందారు.

ఇందులో నాకు రెండు వైపులూ కనిపిస్తాయి. పైకులాల కోసం మాదిగల్ని వదిలేసి ఉంటే అది పెద్ద ద్రోహమయ్యేది. వదలకపోవడం వల్ల ఒంగోలు బాప్టిస్టు సంఘం మాదిగ సంఘంగా ముద్రపడింది. కృష్ణకు ఇరువైపులా లూథరన్, ఆంగ్లికన్ సంఘాల్లో మాలలు ఎక్కువమంది చేరారు. అలా జిల్లా గీతల మీద శాఖ గీతలు, శాఖ గీతల మీద కులం గీతలు పడ్డాయి. డోర్నకల్లులో మాలలూ మాదిగలూ ఉన్నారు కాబట్టి అజరయ్యకు ఆ బాధ ప్రత్యక్షంగా తెలుసు. ఐక్యత కోసం ఆయన పడ్డ ఆరాటంలో సగం శాఖల గురించి, మిగతా సగం తన సంఘం లోపలి పేటల గురించి అనుకుంటే తప్పు కాదేమో.

తమిళనాట ఇది ఇంకా ముందే బయటపడింది. కులపు తేడాలు గుడిలో ఇక చెల్లవని కలకత్తా బిషప్పు డేనియల్ విల్సన్ 1833లో ఆజ్ఞాపత్రం పంపితే తంజావూరు ప్రాంతంలో వెల్లాల క్రైస్తవులు చాలామంది సంఘం విడిచిపోయారు. తర్వాత కులం విషయంలో మెతగ్గా ఉన్న జర్మన్ లూథరన్ మిషనులో చేరినవారూ ఉన్నారు. శాఖ మారారు; మారింది సిద్ధాంతం నచ్చి కాదు, పక్క సీటు నచ్చక.

ఇప్పటి సంగతికి వస్తే పెళ్ళి దగ్గర అంతా తేటతెల్లమవుతుంది. 1872 నాటి క్రైస్తవ వివాహ చట్టం కింద లైసెన్సు ఉన్న పాస్టరుగారు ఆదివారం ఆరాధనలో పెళ్ళి ప్రకటన చదువుతారు: ఫలానావారి కుమారుడు, ఫలానావారి కుమార్తె, అభ్యంతరం ఉన్నవారు తెలపవలెను. ఆ ప్రకటనల్లో గుంటూరు లూథరన్ అబ్బాయికీ, ఏలూరు సి.ఎస్.ఐ. అమ్మాయికీ ముడిపడటం చాలా మామూలు. శాఖ వేరన్న అభ్యంతరం ఎవరూ లేవదీయరు. వధువు వరుడి సంఘంలోకి సర్దుకుంటుంది. ఒకే సంఘంలో, ఒకే బెంచీ మీద కూర్చునే మాల ఇంటికీ మాదిగ ఇంటికీ మధ్య సంబంధం కుదిరితే మాత్రం రెండు పేటలూ గుసగుసలాడతాయి. రెడ్డి, కమ్మ క్రైస్తవ కుటుంబాలు తమ కులంలోని హిందూ సంబంధాన్ని దళిత క్రైస్తవ సంబంధం కంటే దగ్గరగా చూడటం పత్రికల్లో వచ్చే వివాహ ప్రకటనలు చదివే ఎవరికైనా తెలిసిందే. వందల ఏళ్ళ వేదాంత భేదాన్ని పెళ్ళిపందిరి దాటేసింది. కులాన్ని దాటలేదు.

దీని మీద రాజ్యం తన వంతు వేసింది. 1950 ఆగస్టు నాటి రాష్ట్రపతి ఉత్తర్వు ప్రకారం షెడ్యూల్డు కులాల హోదా హిందువులకే. 1956లో సిక్కులకూ, 1990లో బౌద్ధులకూ విస్తరించారు కానీ క్రైస్తవులకు లేదు. మన రాష్ట్రాల్లో క్రైస్తవంలోకి మారిన దళితులకు బి.సి.-సి హోదా మిగిలింది. ఫలితం అందరికీ తెలుసు, ఎవరూ పైకి అనరు. ఆదివారం మందిరంలో విశ్వాసి, సర్టిఫికెట్‌లో హిందూ మాల లేదా హిందూ మాదిగ. 2011 జనాభా లెక్కల్లో ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌లో క్రైస్తవులు 1.3 శాతమే. ఏ ఆదివారం ఏ మండలంలో తిరిగి చూసినా ఆ అంకె నమ్మబుద్ధి కాదు. సంఘపు సభ్యత్వ రిజిస్టరులో పేరు రాయించుకోవడమే కొందరికి ప్రమాదంగా మారినప్పుడు, ఇక ఎవరెవరు కలిసి ఒక్కటి కావాలి? 1994లో ప్రకాశం జిల్లా ఈదుమూడిలో పుట్టిన, షెడ్యూల్డు కులాల రిజర్వేషన్లను ఉపకులాల వారీగా వర్గీకరించాలన్న మాదిగల దండోరా ఉద్యమం, దానికి ఎదురుగా మాలల సంఘాలు, 2024 ఆగస్టు 1న ఆ వర్గీకరణకు సుప్రీంకోర్టు ఇచ్చిన అనుమతి: ఇవన్నీ పైకి రిజర్వేషన్ గొడవలే. కానీ ఆ ఊళ్ళలో గుడి కమిటీ ఎన్నిక జరిగిన రోజున వాటి సెగ తగలకుండా ఉండదు. కాథలిక్కుల్లోనూ ఇదే బరువు ఉంది. అందుకే 2022 ఆగస్టులో హైదరాబాద్ ఆర్చిబిషప్పు పూల ఆంతోని కార్డినల్ అయినప్పుడు, తొలి తెలుగు కార్డినల్ అన్న మాటతో పాటు తొలి దళిత కార్డినల్ అన్న మాట కూడా అంతే గట్టిగా వినిపించింది.

విడిపోయినవాళ్ళందరూ తప్పా?

ఐక్యతను పొగిడేవాళ్ళు చీలికను పాపంగా చూస్తారు. నేను అంత తొందరపడను. మిషను కాంపౌండు గోడల మధ్య దొర చెప్పిందే వేదంగా నడిచిన రోజుల్లో, బయటికి నడిచినవాళ్ళు లేకపోతే తెలుగు క్రైస్తవానికి సొంత గొంతు వచ్చేది కాదు. లూథరన్ సంఘంలో పనిచేసిన ముంగమూరి దేవదాసు అయ్యగారు 1938లో బైబిలు మిషను ప్రారంభించారు. ఏ విదేశీ మిషనుకూ తోక కాకుండా పుట్టిన సంఘం అది. పంజాబులో సిక్కు కుటుంబంలో పుట్టి కెనడాలో క్రీస్తును నమ్మిన భక్త్ సింగ్, హైదరాబాద్‌లో హెబ్రోను కేంద్రంగా ఏ శాఖ పేరూ పెట్టుకోని సహవాసాల్ని తెలుగు జిల్లాలన్నిటా నాటారు. హెబ్రోను పరిశుద్ధ సమాజ కూటాల్లో వేలమంది చాపల మీద వరసగా కూర్చుని తినే ప్రేమవిందు చూసినవారికి ఒక సంగతి స్ఫురిస్తుంది. పక్కన కూర్చున్నదెవరో అడగకుండా విస్తరి వేయడం, సినడ్ తీర్మానాలు సాధించని పనిని కొంతైనా సాధించింది. కేరళ నుంచి వచ్చిన పి.ఎం. శామ్యూల్ వంటి పెంతెకొస్తు సేవకులు కోస్తాలో స్త్రీలకూ, చదువురానివారికీ నోరు తెరిచి ప్రార్థించే చోటిచ్చారు.

కానీ ప్రతి చీలికా ఇలాంటిది కాదు. ఈ రెండు మూడు దశాబ్దాల్లో పుట్టిన స్వతంత్ర సంఘాల్లో చాలావాటికి సిద్ధాంతంలో తేడా ఏమీ లేదు. పెద్ద పాస్టరుగారి దగ్గర సహాయకుడిగా ఉన్న తమ్ముడు, కానుకల లెక్క దగ్గరో, మైకు దగ్గరో మాట పట్టింపు వచ్చి, పక్క వీధిలో రేకుల షెడ్డు వేస్తాడు. పేరు మాత్రం కొత్త నిబంధనలోంచి తీసుకుంటాడు. ఒకే పేటలో నాలుగు షెడ్లు, నాలుగు సౌండు బాక్సులు, ఎనభై కుటుంబాలు.

ఇక్కడ నిజంగా మనుషుల్ని విడదీస్తున్న సిద్ధాంతం ఒక్కటే మిగిలింది: ముంచుడు. సి.ఎస్.ఐ.లోనో లూథరన్‌లోనో పసితనంలో నీళ్ళు చిలకరించి బాప్తిస్మం ఇచ్చిన పిల్లవాడు పెద్దవాడై పెంతెకొస్తు కూడికకు వెళతాడు. అది బాప్తిస్మమే కాదు, నీళ్ళలో మునిగితేనే లెక్క అని అక్కడ చెబుతారు. మునగకపోతే ప్రభు భోజనంలో చోటివ్వరు. మునిగితే పాత సంఘం దాన్ని రెండో బాప్తిస్మంగా, తన సంస్కారానికి అవమానంగా చూస్తుంది. మధ్యలో నలిగేది తల్లి. కొడుకును ఎత్తుకుని ఆ గుళ్ళోనే మొక్కు తీర్చుకున్నదామె. ఈ చిక్కును ఎలా విప్పాలో ఉత్తర భారతంలో ఒక దారి చూపారు. 1970 నవంబరు 29న నాగపూర్‌లో ఆరు సంఘాలు కలిసి ఉత్తర ఇండియా సంఘంగా ఏర్పడినప్పుడు, అందులో బాప్టిస్టులు కూడా ఉన్నారు కాబట్టి, పసిబాప్తిస్మం, విశ్వాసి బాప్తిస్మం రెంటినీ ఒకే సంఘంలో పక్కపక్కన ఉంచారు. తల్లిదండ్రుల ఇష్టానికి వదిలారు. మన బాప్టిస్టు సమావేశాలు ఆ అనుభవాన్ని తీరిగ్గా పరిశీలించి ఉంటే బాగుండేది.

కోర్టు మెట్లు

ఐక్యం అయినవాళ్ళు కూడా లోపల ఒక్కటిగా లేరనడానికి కోర్టు రికార్డులే సాక్ష్యం. సి.ఎస్.ఐ.లోనూ ఏ.ఇ.ఎల్.సి.లోనూ ఎన్నికల తగాదాలు హైకోర్టుల దాకా, కొన్ని సుప్రీంకోర్టు దాకా వెళ్ళాయి. మిషనులు వందేళ్ళ కిందట ఊరి బయట పొలాల్లో కొన్న స్థలాలు ఇప్పుడు నగరాల నడిబొడ్డున ఉన్నాయి. బడి, ఆసుపత్రి, హాస్టలు, వాటి చుట్టూ ఎకరాలు. బిషప్పు కుర్చీ ఆ తాళాలన్నిటికీ దారి. పోటీ అక్కడే పుడుతుంది. కులం ఓట్లు దానికి తోడు. కొరింథు సంఘంలో ఒకరి మీద ఒకరు లౌకిక న్యాయస్థానానికి వెళ్ళారని పౌలు మందలించిన భాగం ప్రతి పాస్టరుకూ కంఠతా వచ్చు. వకాలత్ మీద సంతకం పెట్టేటప్పుడు మాత్రం గుర్తు రాదు.

ఈ విషయంలో కేరళ మనకంటే చాలా ముందుంది, విచారకరంగా. ఆర్థడాక్సు, యాకోబీయ వర్గాల మధ్య వెయ్యికి పైగా చర్చిల అధికారం గురించిన వ్యాజ్యంలో 2017 జూలై 3న సుప్రీంకోర్టు 1934 నాటి సంఘ రాజ్యాంగమే చెల్లుతుందని తీర్పిచ్చింది. తీర్పు అమలుకు పోలీసులు రావాల్సివచ్చింది. చివరికి ఏ వర్గంవారైనా తమ పూర్వీకుల పక్కన సమాధి కావడానికి హక్కు కల్పిస్తూ 2020లో రాష్ట్ర ప్రభుత్వం ప్రత్యేక చట్టం తేవాల్సి వచ్చింది. అక్కడే సీరో మలబారు కాథలిక్కుల్లో పూజారి ప్రజల వైపు తిరగాలా, బలిపీఠం వైపు తిరగాలా అన్న వివాదం ముదిరి 2022 క్రిస్మస్ ముందు ఎర్నాకుళం బసిలికాలో తోపులాట జరిగి, బసిలికా తలుపులు మూతపడ్డాయి.

చీలిక ఆస్తి మీదే పుట్టాలని లేదు. అమెరికాలో యునైటెడ్ మెథడిస్టు చర్చి స్వలింగ సంబంధాల ప్రశ్న మీద చీలి 2019, 2023 మధ్య ఏడు వేలకు పైగా సంఘాలు బయటికి వెళ్ళాయి. దానికి పూర్వరూపమైన మెథడిస్టు సంఘం 1844లో బానిసత్వం ప్రశ్న మీద చీలింది. 

కింది నుంచి కలిసినవి

పైవాళ్ళు కాగితాల మీద కలపలేనివి కొన్ని కింద చాలాకాలంగా కలిసే ఉన్నాయి. తెలుగు ప్రొటెస్టెంట్లందరి చేతిలోనూ ఒకే బైబిలు. అంతకంటే ముఖ్యం ఆంధ్ర క్రైస్తవ కీర్తనల పుస్తకం. ఏ పుట తిప్పినా పైన రాగం, తాళం, కింద కవి పేరు. పురుషోత్తమ చౌదరి బాప్టిస్టుల్లో చేరినవాడు. ఆయన కీర్తన లూథరన్ గుడిలో, సి.ఎస్.ఐ. గుడిలో, బైబిలు మిషను పందిట్లో ఒకే వరసలో పాడతారు. పాడేవాళ్ళు కవిది ఏ శాఖ అని చూడరు. పాస్టర్లను తయారుచేసే చదువులోనూ ఇలాంటి పని ఒకటి జరిగింది. 1964లో లూథరన్, బాప్టిస్టు, సి.ఎస్.ఐ. వేదాంత కళాశాలలు కలిసి ఆంధ్ర క్రిస్టియన్ థియొలాజికల్ కాలేజీ అయ్యాయి. మొదట రాజమండ్రిలో, తర్వాత హైదరాబాద్‌లో. ఆ హాస్టల్లో ఒకే గదిలో నాలుగేళ్ళు గడిపిన లూథరన్, బాప్టిస్టు కుర్రాళ్ళు తర్వాత పక్కపక్క ఊళ్ళలో అయ్యగార్లయితే, ఒకరి పల్పిటు మీదికి ఒకరిని పిలుచుకోవడానికి ఏ ఒప్పంద పత్రమూ అవసరం రాదు. దేశం దాటినా అంతే: కువైట్‌లో నేషనల్ ఇవాంజెలికల్ చర్చికి చెందిన ఒకే ప్రాంగణంలో పదుల కొద్దీ భాషల సంఘాలు వంతులవారీగా ఆరాధన చేసుకుంటాయి. కడప నుంచి, గోదావరి జిల్లాల నుంచి వెళ్ళిన ఇంటిపనివాళ్ళకు, డ్రైవర్లకు అక్కడ ఊళ్ళోని శాఖ గుర్తుకు రావడానికి తీరిక ఉండదు.

మండలాల్లో పాస్టర్స్ ఫెలోషిప్‌లు ఉన్నాయి. గుడ్ ఫ్రైడేకీ, సెమీ క్రిస్మస్‌కీ కలుస్తారు. ఎమ్మెల్యే వచ్చి కేకు కోస్తాడు. ఆంధ్రప్రదేశ్‌లో పాస్టర్లకు నెలకు 5 వేల గౌరవ వేతనం ప్రకటించాక ఆ ఫెలోషిప్‌లకు సభ్యులు పెరిగారు. ఇది ఐక్యతా అంటే కాదనలేను, అవునని రాయలేను. ఒక వేదిక మీద కుర్చీలు వేయడం కష్టం కాదు. వేదిక దిగాక ఎవరి మంచం మీద ఎవరు కూర్చుంటారన్నదే లెక్క.

సంఘాల ఐక్యత కోసం మళ్ళీ కమిటీలు పడతాయి, అవి మంచివే. వాటిలో కూర్చోబోయే పెద్దలకు ఒక మనవి. ఈసారి విశ్వాస ప్రమాణాల ముసాయిదాతో మొదలుపెట్టకండి. దాని పని చాలావరకు అయిపోయింది. ముందు మూడు రిజిస్టర్లు తెప్పించండి. పదేళ్ళ వివాహ రిజిస్టరు తీసి కులం దాటిన పెళ్ళిళ్ళు ఎన్నో లెక్కపెట్టండి. సమాధుల తోట రిజిస్టరు తీసి ఏ మూల ఎవరున్నారో చూడండి. ఆస్తుల జాబితా అందరికీ కనిపించేలా గుడి తలుపు మీద అంటించండి. ఆ మూడింటి మీద నిజం మాట్లాడుకున్నాక, ప్రభు భోజనపు రొట్టె గురించి మార్‌బర్గ్ చర్చను ఎక్కడ వదిలారో అక్కడి నుంచి అందుకోవచ్చు.